ఆందోళన మాత్రలను క్రమంగా మానడం: కోనసీమ నేపథ్యంలో

ఆందోళన మాత్రలను క్రమంగా మానడం అంటే, గుండెదడకో, గాబరాకో, నిద్ర పట్టకపోవడానికో డాక్టరు రాసిన బెంజోడయాజిపైన్ జాతి మందుల మోతాదును వారాలు, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ చివరికి పూర్తిగా ఆపేయడం. ఆల్ప్రజోలం, క్లోనజిపాం, లోరజిపాం, డయజిపాం, క్లోర్‌డయజిపాక్సైడ్, నైట్రజిపాం, క్లోబజాం ఈ జాతిలోవి. ఎటిజోలం, జోల్పిడెం రసాయనికంగా వేరైనా మెదడులో ఇంచుమించు అదే చోట పనిచేస్తాయి కనుక వాటిని మానే పద్ధతి కూడా ఇదే దారిలో నడుస్తుంది. నెల రోజులకు మించి రోజూ వేసుకుంటున్నవాళ్లు వీటిని ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం దగ్గర మొదలై ఫిట్స్ దాకా, ఒక్కోసారి ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఈ వ్యాసానికి ఆయువుపట్టు ఈ ఒక్క విషయమే.

గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న కోనసీమలో ఈ మాత్ర మొదలుపెట్టడం తేలిక. దడగా ఉందంటే ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇస్తాడు, అమలాపురంలో గుండె చూపించుకున్న రోజున మిగతా మందులతో పాటు చీటీలో ఒకటి చేరుతుంది, రాజోలులోనో కొత్తపేటలోనో పాత చీటీ చూపిస్తే మరో షీటు దొరుకుతుంది. మానేటప్పుడు మాత్రం దగ్గర ఎవరూ ఉండరు. మొదటి చీటీ రాసిన డాక్టరుకు ఆ మనిషి ఇంకా వేసుకుంటున్నాడని తెలియదు, షాపువాడికి ఎప్పుడు ఆపాలో తెలియదు, వేసుకునేవాళ్లకు అది ఆపాల్సిన మందని ఎవరూ చెప్పి ఉండరు. ఎన్ని రోజులు వాడాలో, ఎలా దించాలో మొదటి చీటీ మీదే రాసి ఉంటే ఇందులో సగం బాధ పుట్టేదే కాదు.

మందుల పుట్టుక, వ్యాప్తి

ఈ జాతిలో మొదటిది క్లోర్‌డయజిపాక్సైడ్. హాఫ్‌మన్-లా రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ కనిపెట్టిన ఈ మందు 1960లో లిబ్రియం పేరుతో మార్కెట్లోకి వచ్చింది. 1963లో వేలియం పేరుతో డయజిపాం వచ్చింది. అంతకుముందు వాడుకలో ఉన్న బార్బిట్యురేట్లు కాస్త మోతాదు మించితే ఊపిరి ఆపేసేవి. వాటితో పోలిస్తే కొత్త మాత్రలు ఎంతో భద్రమని డాక్టర్లు నమ్మారు. ఆ నమ్మకం అబద్ధం కాదు, కానీ అందులో సగమే నిజం ఉంది. మోతాదు మించినప్పటి ప్రమాదం తగ్గింది గానీ, అలవాటు పడ్డ శరీరం మానేటప్పుడు పడే పాట్లు ఇరవై ఏళ్ల తర్వాత గాని లోకానికి పూర్తిగా అర్థం కాలేదు. మన దేశంలో 1960ల చివర రాన్‌బాక్సీ కంపెనీ తెచ్చిన కాంపోజ్ ఇంటింటి పేరయింది. తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఏ నిద్రమాత్రనైనా కాంపోజ్ అనే అంటారు. తర్వాతి రోజుల్లో ఆల్ప్రజోలం, క్లోనజిపాం దాని చోటు ఆక్రమించాయి.

1988లో బ్రిటన్‌లోని మందుల భద్రతా సంఘం, ఈ మాత్రలను తీవ్రమైన ఆందోళనకు మాత్రమే, అదీ రెండు నుంచి నాలుగు వారాలు దాటకుండా రాయాలని డాక్టర్లకు సూచించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 సెప్టెంబరులో ఈ జాతి మందులన్నిటి మీదా ఉండే పెట్టెకట్టిన హెచ్చరికను సవరించి దురుపయోగం, వ్యసనం, శారీరక అలవాటు, ఆపేటప్పుడు వచ్చే ప్రమాదాలను అందులో చేర్పించింది. ఇంత జరిగినా ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. కోనసీమ అందుకు మినహాయింపు కాదు.

తెలియకుండానే వేసుకునేవాళ్లు

మన మార్కెట్లో ఉన్న ఒక ప్రత్యేకమైన చిక్కు మిశ్రమ మాత్రలు. ఎసిటలోప్రాం, క్లోనజిపాం కలిపిన మాత్రను చాలామంది నరాల బలానికి వేసుకుంటున్నామనుకుంటారు. ప్రొప్రనలాల్‌తో ఆల్ప్రజోలమో, ఎటిజోలమో కలిపినవి దడ మాత్రలుగా నడుస్తాయి. అమిట్రిప్టిలిన్, క్లోర్‌డయజిపాక్సైడ్ కలిపినవి నిద్రకూ, తలనొప్పికీ రాస్తారు. అన్నిటికంటే మోసపుచ్చేది కడుపు మాత్ర. క్లిడినియం అనే పేగుల మందుతో క్లోర్‌డయజిపాక్సైడ్ కలిపి గ్యాసుకూ, కడుపు మెలిపెట్టడానికీ ఇస్తారు. దాన్ని మూడేళ్లుగా పూటకొకటి వేసుకుంటున్న పెద్దావిడను నిద్రమాత్రలు వాడుతున్నారా అని అడిగితే లేదనే చెబుతుంది. ఆమె మాట నిజమే, కానీ ఆమె ఒంట్లో ఉన్నది ఆ మందే. తిరుపతి యాత్రకు వెళ్లినప్పుడు ఆ షీటు ఇంట్లో మర్చిపోతే, మూడో రోజుకు చేతుల్లో వణుకు, చెమటలు, రాత్రంతా జాగరణ. కూడా వెళ్లినవాళ్లు బీపీ అనో, షుగరు పడిపోయిందనో అనుకుంటారు.

అందుకే మానే ప్రయత్నంలో మొదటి పని ఇంట్లో ఉన్న షీట్లన్నీ ఒకచోట పోగుచేయడం. వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవాలి. పైన పెద్దగా కనిపించేది కంపెనీ పెట్టుకున్న పేరు. పేరు చివర పాం, జాం, జోలం ఉన్నవాటిని, క్లోర్‌డయజిపాక్సైడ్ అని ఉన్నదాన్ని వేరుగా తీసి డాక్టరుకు చూపించాలి. జోల్పిడెం ఉన్నా చూపించాలి. ఈ మిశ్రమాలను ముక్క చేస్తే రెండు మందులూ ఒకేసారి తగ్గుతాయి. ఎసిటలోప్రాంను కొనసాగిస్తూ క్లోనజిపాంను మాత్రమే దించాలంటే ముందు రెంటినీ విడివిడి మాత్రలుగా మార్పించుకోవడం తప్పనిసరి.

ఆపినప్పుడు ఒంట్లో జరిగేది

మెదడులో ఉద్రేకాన్ని తగ్గించే రసాయనం గాబా. బెంజోడయాజిపైన్లు గాబా అతుక్కునే చోటికి పక్కనే అతుక్కుని దాని ప్రభావాన్ని పెంచుతాయి. కంగారు తగ్గుతుంది, కండరాలు సడలుతాయి, నిద్ర వస్తుంది. రోజూ ఈ సాయం అందుతుంటే మెదడు తన సొంత ఏర్పాటును తగ్గించుకుంటుంది, ఉద్రేకం పుట్టించే వైపును పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా పోతే శాంతపరిచే బలం ఉండదు, ఉద్రేకపరిచే బలం మాత్రం నిండుగా ఉంటుంది. ఇది మనసు బలహీనత వల్ల వచ్చేది కాదు, దేవుడికి మొక్కుకుంటే తగ్గేది కాదు. శరీరం మళ్లీ సర్దుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది.

ఆల్ప్రజోలం, లోరజిపాం త్వరగా ఒంట్లోంచి పోయేవి. ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే బాధ మొదలవుతుంది. డయజిపాం, క్లోనజిపాం నెమ్మదిగా పోతాయి కనుక నాలుగైదు రోజులకో, వారానికో తెలుస్తుంది. నిద్ర పట్టదు, పట్టినా పీడకలలు. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, వేళ్లు వణుకుతాయి, కండరాలు పట్టేస్తాయి. వెలుగు కళ్లకు గుచ్చుకుంటుంది, గిన్నె కింద పడ్డ చప్పుడుకు ఉలిక్కిపడతారు. చర్మం మీద చీమలు పాకినట్టు ఉంటుంది, చుట్టూ ఉన్న మనుషులు నిజం కాదేమో అన్నట్టు తోస్తుంది. తీవ్రమైన దశలో ఫిట్స్, లేనివి కనిపించడం, సన్నిపాతం వస్తాయి.

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. మాత్ర మానగానే దడ వచ్చింది, వేసుకోగానే తగ్గింది, కాబట్టి నా జబ్బు ఇంకా ఉంది, జీవితాంతం ఈ మాత్ర ఉండాల్సిందే అనుకుంటారు. పాత ఆందోళన తిరిగి రావడం వేరు, మందు తగ్గినందువల్ల వచ్చే బాధ వేరు. తగ్గించిన కొన్ని రోజుల్లోపే మొదలై, ఇంతకుముందు ఎన్నడూ లేని లక్షణాలు కూడా కలిసి వచ్చి, కొద్ది వారాల్లో అలలుగా తగ్గుముఖం పడితే అది మందు తగ్గినందువల్ల వచ్చినదే. కొద్దిమందిలో మాత్రం ఈ బాధ నెలల తరబడి ఉంటుంది. వాళ్లను అబద్ధాలాడుతున్నారని కొట్టిపారేయడం అన్యాయం.

తెలుగునాట జరిగిన ఒక ఉదంతం

ఒక్కసారిగా ఆపితే ఏమవుతుందో తెలుగువాళ్లు మూకుమ్మడిగా చూసిన సందర్భం 2015 సెప్టెంబరు. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో డయజిపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ పొడులు కలపడం ఎన్నో ఏళ్లుగా ఉన్న వ్యవహారం. ప్రభుత్వం దాడులు చేసి ఆ కలుపుడును అడ్డుకోగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆసుపత్రులకు వందల మంది వచ్చిపడ్డారు. వణుకులు, వింత ప్రవర్తన, ఫిట్స్. మరణాలు కూడా సంభవించాయి. తాము మందుకు అలవాటు పడ్డామని వాళ్లలో చాలామందికి తెలియదు, రోజూ కల్లు తాగుతున్నామనే అనుకున్నారు.

అది చీటీ మీద వచ్చిన మందు కాదు నిజమే. కానీ శరీరానికి ఆ తేడా తెలియదు. డాక్టరు రాసిన ఆల్ప్రజోలమైనా, కల్లులో కలిసిన ఆల్ప్రజోలమైనా అలవాటు పడ్డ మెదడు ఒకేలా స్పందిస్తుంది. కల్తీని అరికట్టడం సరైన పనే. అలవాటు పడ్డవాళ్లకు చికిత్స ఏర్పాటు ముందే చేసుకోకుండా సరఫరా ఆపడమే తప్పు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చిలో ఆపరేషన్ గరుడ పేరుతో మందుల షాపుల మీద రాష్ట్రవ్యాప్తంగా తనిఖీలు జరిగాయి. చీటీ లేకుండా అమ్మడాన్ని ఇలా కట్టడి చేసిన ప్రతిసారీ, నిన్నటి దాకా దొరికిన మాత్ర ఇవాళ దొరకని మనిషి ఒకరు ఎక్కడో ఒక ఊళ్లో ఉంటారు. ఆ మనిషిని ఆసుపత్రికి పంపించే దారి కూడా తనిఖీతో పాటే ఉండాలి.

దించే పద్ధతి

ఈ విషయంలో లోకానికి దారి చూపినవారు ఇంగ్లండులోని న్యూకాసిల్‌కు చెందిన ప్రొఫెసర్ హెథర్ ఆష్టన్. 1982 నుంచి 1994 దాకా ఆమె ఈ మాత్రలు మానేవాళ్ల కోసమే ఒక క్లినిక్ నడిపారు. మూడు వందల మందికి పైగా రోగులను చూసిన అనుభవంతో ఆమె రాసిన కరదీపిక ఆష్టన్ మాన్యువల్‌గా పేరుపడింది. 2019లో ఆమె చనిపోయారు. వేగాన్ని రోగే నిర్ణయించుకోవాలని, గడువు పెట్టి తరమకూడదని ఆమె గట్టిగా చెప్పారు. ఆ రోజుల్లో డాక్టర్లకు అది కొత్త మాట.

2025లో అమెరికాలోని వ్యసన చికిత్సా నిపుణుల సంఘం మరికొన్ని వైద్య సంఘాలతో కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా దాదాపు ఇదే చెబుతున్నాయి: మొదట ప్రతి రెండు నుంచి నాలుగు వారాలకు ఐదు నుంచి పది శాతం తగ్గించి చూడాలి, ఏ రెండు వారాల్లోనూ తగ్గింపు ఇరవై ఐదు శాతం మించకూడదు. ఆ శాతం అప్పటికి వేసుకుంటున్న మోతాదు మీద లెక్క, మొదలుపెట్టిన నాటి మోతాదు మీద కాదు. మోతాదు తగ్గేకొద్దీ మెట్టు కూడా చిన్నదవుతూ ఉండాలి. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువల మీద లాకుల్లో పడవను నీటిమట్టంతో పాటు కొద్దికొద్దిగా దించినట్టే ఈ పని కూడా, తలుపులు ఒక్కసారి తెరిచి చేసేది కాదు.

కాగితం మీద తేలికగా కనిపించే ఈ లెక్క చేతిలో మాత్ర పట్టుకున్నాక ఎలా ఉంటుందో చూద్దాం. ఒకరు ఆల్ప్రజోలం 0.5 మిల్లీగ్రాముల మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నారు, అంటే రోజుకు 1 మిల్లీగ్రాము. షాపులో దొరికే చిన్న మాత్ర 0.25. దాన్ని సగం చేస్తే 0.125. మొదటి మెట్టు 0.875, అంటే పన్నెండున్నర శాతం తగ్గింపు, చాలామంది తట్టుకుంటారు. తర్వాత 0.75, 0.625, 0.5. అక్కడి నుంచి అదే సగం ముక్క తీసేస్తే తగ్గింపు ఒక్కసారిగా ఇరవై ఐదు శాతం, ఆ తర్వాత ముప్పై మూడు, ఆపైన యాభై. చివరి 0.125 తీసేయడమంటే నూటికి నూరు. మొదటి నాలుగు మెట్లు హాయిగా దిగిన మనిషి చివరి మెట్ల దగ్గర ఎందుకు కూలబడతారో ఈ అంకెలే చెబుతాయి. ఇన్ని నెలలు పడ్డ శ్రమ అక్కడే నీళ్లపాలవుతుంది, నా వల్ల కాదు అనేసి మళ్లీ మొదటి మోతాదుకు వెళ్లిపోతారు.

ఈ ఇబ్బందికి డాక్టర్లు వాడే ఉపాయం, నెమ్మదిగా పోయే డయజిపాంకు మార్చడం. ఆష్టన్ లెక్క ప్రకారం ఆల్ప్రజోలం 0.5, క్లోనజిపాం 0.5, లోరజిపాం 1 మిల్లీగ్రాము, ఈ మూడిట్లో ఒక్కొక్కటీ దాదాపు డయజిపాం 10 మిల్లీగ్రాములకు సమానం. పై మనిషికి అది 20 మిల్లీగ్రాములు అవుతుంది. డయజిపాం 2 మిల్లీగ్రాముల మాత్ర దొరుకుతుంది, దాన్ని సగం చేస్తే ఒకటి, పావు చేస్తే అర. కాబట్టి చివరి దాకా చిన్న మెట్లు వేయవచ్చు. మార్పు కూడా ఒకే రోజు చేయరు, ఒక పూట మోతాదు తర్వాత మరో పూటది మారుస్తారు. ఈ సమానతలు అందరికీ ఒకేలా వర్తించవు. పెద్దవాళ్లలో, కాలేయం దెబ్బతిన్నవాళ్లలో డయజిపాం పేరుకుపోయి మత్తు ఎక్కువవుతుంది. అందుకే ఈ మార్పు ఎవరికి వారు ఇంట్లో చేసుకునేది కాదు, పక్కింటివాళ్ల లెక్క మనకు పనికొచ్చేది అసలే కాదు.

మాత్రలు కోసేటప్పుడు చాకు కంటే మందుల షాపుల్లో దొరికే చిన్న కట్టర్ మేలు. నోట్లో కరిగే రకం కోస్తే పొడి అయిపోతుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకాన్ని, అంటే పేరు చివర ఎస్ఆర్ అనో, ఈఆర్ అనో ఉన్నవాటిని కోయకూడదు, కోస్తే మందంతా ఒకేసారి ఒంట్లోకి దిగుతుంది. రోజు విడిచి రోజు వేసుకుని మానేయడం చాలామందికి తోచే పద్ధతి. అది కూడా మంచిది కాదు, ముఖ్యంగా ఆల్ప్రజోలంతో. వేసుకోని రోజున శరీరం పూర్తి లేమిలోకి వెళ్లి, మర్నాడు మళ్లీ నిండు మోతాదు అందుకుంటుంది. రోజూ అదే వేళకు వేసుకుంటూ మోతాదు మాత్రమే తగ్గించాలి.

ఒక మెట్టు దిగాక బాధ ఎక్కువైతే అక్కడే ఆగవచ్చు. రెండు వారాలకు బదులు నాలుగు, అవసరమైతే ఆరు వారాలు ఉండవచ్చు. ఆగడం ఓటమి కాదు. వెనక్కి ఎగబాకడం కంటే ఆగడమే మేలని అనుభవజ్ఞులు చెబుతారు. ఏళ్ల తరబడి వాడినవాళ్లకు మొత్తం ప్రయాణం ఆరు నెలలు, ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. కొద్ది వారాలే వాడినవాళ్లు అంత కాలం పొడిగించనక్కరలేదు.

ఇంట్లో దించకూడనివాళ్లు

గతంలో ఫిట్స్ వచ్చినవాళ్లు, మూర్ఛ వ్యాధికే క్లోబజామో, క్లోనజిపామో వాడుతున్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు, ట్రమడాల్ వంటి నొప్పి మందులు కలిపి వాడేవాళ్లు, చాలా ఎక్కువ మోతాదులో ఉన్నవాళ్లు, గర్భిణులు, చనిపోవాలనే ఆలోచన వస్తున్నవాళ్లు నిపుణుల కళ్ల ముందే దించాలి, కొందరిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది. మాత్ర తగ్గించిన లోటును బ్రాందీతోనో, కల్లుతోనో పూడ్చుకోవడం మగవాళ్లలో తరచు జరిగే పొరపాటు. మద్యం కూడా అదే గాబా మీద పనిచేస్తుంది. రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

ఫిట్స్ వస్తే మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేసి, 108కి ఫోన్ చేయాలి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, నోట్లో నీళ్లు పోయడం చేయకూడదు. ఎన్నాళ్లుగా ఏ మాత్ర వాడారో, ఎప్పుడు ఆపారో ఆసుపత్రిలో చెప్పడం ఆ సమయంలో అన్నిటికంటే ముఖ్యం. ఖాళీ షీటు జేబులో వేసుకుని వెళ్తే చాలు.

కోనసీమలో ప్రత్యేకంగా చూడాల్సినవి

2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా జిల్లా ఏర్పడింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. అమలాపురంలో ఏరియా ఆసుపత్రి, కిమ్స్ వైద్య కళాశాల ఉన్నాయి. పెద్ద ప్రభుత్వ మానసిక వైద్య విభాగం కావాలంటే యెదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటి యానాం మీదుగా కాకినాడ జనరల్ ఆసుపత్రికి వెళ్లాలి. కొత్తపేట వైపువాళ్లకు రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం దగ్గర. రాజోలువాళ్లు దిండి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు, భీమవరం వైపు వెళ్తుంటారు. మానసిక రోగులకు ప్రత్యేకమైన ప్రభుత్వ ఆసుపత్రి విశాఖపట్నంలో ఉంది. మోతాదు దించేటప్పుడు నెలకోసారైనా డాక్టరు చూడాలి కనుక, ఈ దూరాల్లో ఏది అందుబాటులో ఉంటుందో మొదట్లోనే తేల్చుకోవడం మంచిది. మధ్యలో ధైర్యం చెప్పే గొంతు కావాలంటే 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. పిచ్చాసుపత్రికి వెళ్లారనే మాట పడాల్సి వస్తుందని ఆగిపోయేవాళ్లకు అది మొదటి మెట్టుగా పనికొస్తుంది.

వరద కాలం ఇక్కడ పెద్ద విషయం. 2022 జులైలో గోదావరి పొంగినప్పుడు లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, బయటికి నాటుపడవే దారి. అలాంటప్పుడు మాత్రలు అయిపోతే, వద్దనుకోకుండానే ఒక్కసారిగా ఆపినట్టవుతుంది. లంకల్లో ఉండేవాళ్లు జులై నుంచి సెప్టెంబరు దాకా కనీసం రెండు వారాలకు సరిపడా మాత్రలు, మోతాదు రాసిన చీటీ నీళ్లు తగలని కవరులో పెట్టుకోవాలి. వీలైతే ఆ నెలల్లో కొత్త మెట్టు దిగకుండా ఉన్నచోటే ఉండటం మేలు. పిల్లలు ఇళ్లకొచ్చే సంక్రాంతి రోజులు మొదలుపెట్టడానికి బాగుంటాయి, పక్కన మనిషి ఉంటారు, వాతావరణం చల్లగా ఉంటుంది.

విపత్తుల తర్వాత నిద్రమాత్రలు విరివిగా పంచడం ఒకప్పుడు సానుభూతితో చేసే పని. 1996 నవంబరు 6 తుపాను ఈ ప్రాంతాన్ని ధ్వంసం చేసి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాసు పైపులైను పేలి ఇళ్లు కాలిపోయాయి. అంత దుఃఖంలో ఉన్న మనిషికి నిద్ర పట్టించాలని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు, ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లకు, ఘోర సంఘటన చూసిన తొలి నెలలో ఉన్న పెద్దలకు ఆ బాధ తగ్గించడం కోసం బెంజోడయాజిపైన్లు ఇవ్వవద్దని స్పష్టంగా చెప్పాయి. దుఃఖం తీరే లోపు మాత్ర అలవాటవుతుంది, దుఃఖం తగ్గాక కూడా మాత్ర మిగులుతుంది.

వృత్తుల్లో ప్రమాదాన్ని కూడా చెప్పుకోవాలి. కొబ్బరి దింపు కార్మికుడు రాత్రి మాత్ర వేసుకుని పొద్దున్నే చెట్టెక్కితే మగత ఒక ముప్పు, మోతాదు తగ్గించిన వారంలో తల తిరిగితే అదొక ముప్పు. ప్రతి మెట్టు దిగిన తొలి రోజుల్లో చెట్టెక్కకుండా ఉండగలిగేలా మేస్త్రితో మాట్లాడుకోవాలి. రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉండి పగలు పడుకునేవాళ్లు నిద్ర కోసం మాత్ర మొదలుపెట్టి ఉంటే, పని వేళలు మారకుండా మాత్ర మానడం కష్టం. పెద్దవాళ్లకు కాలువ రేవు మెట్లే గండం. అరవై ఐదు దాటినవాళ్లలో ఈ మందులు పడిపోవడాన్ని, తుంటి ఎముక విరగడాన్ని, మతిమరుపును పెంచుతాయి. ముసలితనం అనుకున్న మరుపు, తడబాటు మాత్ర తగ్గాక కొంత వెనక్కి తగ్గడం చూసి ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతుంటారు.

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, అమలాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లేవాళ్లు ఎక్కువ, ఇంటి పనులకు వెళ్లే ఆడవాళ్లు అందులో చాలామంది. ఆ దేశాల్లో ఈ మాత్రలు కఠిన నియంత్రణలో ఉంటాయి. యూఏఈకి తీసుకెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, చీటీ వెంట ఉండాలి. అది తెలియక సంచిలో వేసుకెళ్లినవాళ్లు విమానాశ్రయంలో చిక్కుల్లో పడతారు. భయపడి ప్రయాణం ముందు రోజు మానేసినవాళ్లు అక్కడ యజమాని ఇంట్లో, భాష తెలియని చోట, వణుకుతో పడుకుంటారు. వీసా పని మొదలైన రోజే డాక్టరుకు చెప్పుకుంటే దించడానికి కొన్ని నెలలు చేతిలో ఉంటాయి.

మందుల షాపు

ఆల్ప్రజోలం, డయజిపాం, క్లోర్‌డయజిపాక్సైడ్, నైట్రజిపాం, జోల్పిడెం 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన హెచ్1 షెడ్యూలులో ఉన్నాయి. వీటిని చీటీ మీదే అమ్మాలి. డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలిచ్చారన్నది ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి. ఈ జాతి మందులు 1985 నాటి మత్తుమందుల చట్టం పరిధిలోకి కూడా వస్తాయి. చట్టం ఉన్నది రోగిని దొంగలా చూడటానికి కాదు. ఆ రిజిస్టరును సరిగ్గా వాడితే, ఎనిమిది నెలలుగా ఒకే చీటీ మీద మాత్ర పట్టుకెళ్తున్న మనిషి ఎవరో ఊళ్లో మొదట తెలిసేది షాపువాడికే.

ఆ షాపువాడు చేయగలిగింది చిన్నదేమీ కాదు. కెనడాలోని క్యూబెక్‌లో మందుల షాపుల ద్వారా జరిపిన ఎంపవర్ అనే పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఏళ్లుగా ఈ మాత్రలు వాడుతున్న వృద్ధులకు, వాటి వల్ల కలిగే ముప్పును, దించే పద్ధతిని బొమ్మలతో సులువుగా చెప్పిన ఒక పుస్తకాన్ని పంపారు. ఆరు నెలలకు వాళ్లలో 27 శాతం మంది మాత్ర పూర్తిగా మానేశారు. పుస్తకం అందనివాళ్లలో మానినవాళ్లు 5 శాతమే. తెలుగులో, పెద్ద అక్షరాల్లో అలాంటి పుస్తకం ప్రతి మందుల షాపు బల్ల మీదా ఉండాలని ఈ వ్యాసకర్త గట్టిగా కోరుకుంటున్నారు.

మాత్ర ఉన్న చోట ఏం పెట్టాలి

మోతాదు దించడం ఒక్కటే కాకుండా, ఆలోచనా ప్రవర్తన చికిత్స కూడా తోడైతే మానేవాళ్ల సంఖ్య పెరుగుతుందని పరిశోధనలు చూపాయి. నిద్రకు సంబంధించినంతవరకు దానిలో ముఖ్యమైనవి ఇంట్లోనే చేసుకోవచ్చు: రోజూ ఒకే వేళకు లేవడం, నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కూర్చోవడం, పగటి నిద్ర తగ్గించడం, మధ్యాహ్నం తర్వాత కాఫీ టీలు మానడం. అసలు ఆందోళన జబ్బు ఉన్నవాళ్లకు ఎసిటలోప్రాం వంటి మందును ముందుగా మొదలుపెట్టి, అది పనిచేయడానికి పట్టే కొన్ని వారాలు ఆగి, ఆ తర్వాతే మాత్ర దించుతారు. దడకు ప్రొప్రనలాల్ కొంత ఉపశమనం ఇస్తుంది గానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పనికిరాదు.

ఇంట్లోవాళ్ల మాట తీరు మందుతో సమానంగా పనిచేస్తుంది. మాత్రలకు బానిసైపోయావన్న ఒక్క మాటకు మనిషి దాచుకుని వేసుకోవడం మొదలుపెడతారు. డాక్టరు రాసిన మందును రాసినట్టే వేసుకున్నవాళ్లకు కూడా శరీరం అలవాటు పడుతుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు. గోడ మీద క్యాలెండరులో ఏ రోజు ఎంత మోతాదో రాసి, వేసుకున్నాక టిక్కు పెట్టి, రాత్రి నిద్ర ఎలా ఉందో రెండు ముక్కల్లో పక్కన రాస్తే, నెల తర్వాత డాక్టరు దగ్గర అదే పెద్ద ఆధారం. మోతాదు తగ్గాక మిగిలిన షీట్లను చివరి రోజుకని దాచుకోకుండా ఇంట్లో నమ్మకమైన ఒకరికి అప్పగించాలి. రాత్రి రెండింటికి అమ్మ నిద్ర పట్టక వసారాలో కూర్చుంటే, లేచి వెళ్లి పక్కన కూర్చుని, ఇది మందు దిగుతున్న బాధమ్మా, నాలుగు రోజుల్లో తగ్గుతుంది అని చెప్పాల్సింది ఆ మనిషే.